కర్ర మీద అక్షరం

షష్టిపూర్తికి కొడుకు అట్లాంటా నుంచి పట్టుచొక్కా తేలేదు, వాచీ తేలేదు. పొడవాటి అట్టపెట్టెలో ఒక గోల్ఫ్ డ్రైవర్ తెచ్చాడు. ఆటలో బంతిని అన్నిటికంటే దూరం పంపే పొడుగు క్లబ్ అన్నమాట. పీటల మీంచి లేచిన మనిషి కంకణమైనా విప్పకుండా పెట్టె విప్పి చూసుకున్నారని ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. నల్లటి షాఫ్ట్ మీద తెల్లగా ఒక అక్షరం ఉంది: ఎస్. స్టిఫ్ అని. అంటే బిరుసు కర్ర.

''నేను వాడేదీ ఇదే నాన్నా'' అన్నాడు కొడుకు. ఆ మాట ఆయనకి డ్రైవర్ కంటే ఎక్కువ నచ్చింది.

ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నలభై అయిదో ఏట పట్టుకున్న ఆట. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న కోర్సుకి వారానికి రెండు పొద్దులు వెళ్లివస్తారు. గొప్ప ఆటగాడేం కాదుగానీ బంతి తిన్నగా పోయేది. కొత్త డ్రైవర్ చేతికొచ్చాక ఏమైందో, బంతి లేవడం మానేసింది. నేలబారుగా వెళ్లి కుడివైపు చెట్లలో దూరేది.

ఇక సలహాలకి కొదవేముంది! తల ఎత్తేస్తున్నారన్నారొకరు. పట్టు బిగించమన్నారు ఇంకొకరు. డబ్బు కట్టి పాఠాలు కూడా చెప్పించుకున్నారు. బంతిని బలవంతంగా లేపాలని ఊపీ ఊపీ భుజం పట్టేసింది. రాత్రిళ్లు భార్య వేణ్ణీళ్ల కాపడం పెడుతూ ''ఆట ఆరోగ్యానికని కదూ మొదలెట్టారు?'' అని అడిగేది. ఒక్క క్యాడీ మాత్రం మొదటి నెలలోనే చెప్పాడు, ''సార్, మీ చెయ్యి మంచిగనే ఉంది. కట్టెనే గట్టిగున్నది'' అని. ఆయన వినిపించుకోలేదు. కొడుకు ఇచ్చిన కర్రకి వంకా?

నిజానికి గోల్ఫ్ షాఫ్ట్ చూడ్డానికి గొట్టంలా ఉంటుందిగానీ, ఊపినప్పుడు గాలపు కర్రలా వంగుతుంది. క్లబ్‌ని పైకెత్తి కిందికి తిప్పే క్షణంలో వెనక్కి వంగి, బంతిని చేరేసరికి కాస్త ముందుకి వంగుతుంది. బంతి క్లబ్ ముఖానికి అంటుకుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు కాలమే. ఆ కాసేపట్లో ముఖం ఎటు చూస్తోంది, ఎంత వాలి ఉంది అనేదాంట్లో ఈ వంపుకీ వాటా ఉంది. కర్రని వంచేంత వేగం చేతుల్లో లేకపోతే ముఖం మూసుకోక బంతి తక్కువ ఎత్తులో కుడివైపుకి పోతుంది. కర్ర మరీ మెత్తనైతే పైకి లేచి ఎడమకి. కుడిచేతివాటం వాళ్ల సంగతిది. అందరికీ ఇలాగే జరిగి తీరాలనీ లేదు, చెయ్యి తనకి తెలియకుండానే సర్దుకుంటుంది కూడా.

పూర్వం ఈ కర్ర నిజంగా కర్రే. హికరీ చెట్టుది. ఉక్కు షాఫ్టుల్ని అమెరికా 1924లో, బ్రిటన్ 1929లో ఒప్పుకున్నాయి. 1970ల్లో గ్రాఫైట్ వచ్చింది. ఇప్పుడు డ్రైవర్లకి దాదాపు అన్నీ అవే.

బిరుసుని బట్టి ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని అక్షరాలు వేస్తారు. మోటు లెక్కగా చెప్పాలంటే డ్రైవర్ ఊపే వేగం గంటకు 75 మైళ్ల లోపుంటే ఎల్, 85 దాకా ఏ, 95 దాకా ఆర్, 105 దాకా ఎస్, ఆపైన ఎక్స్. మోటు లెక్కే ఎందుకంటే ఈ అక్షరాలకి ఐఎస్ఐ మార్కు లాంటి కొలతేదీ లేదు. ఒక కంపెనీ ఎనిమిదో నంబరు చెప్పు ఇంకో కంపెనీలో తొమ్మిదైనట్టు, ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ కావచ్చు. అక్షరం చూసి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

భుజం నొప్పి తగ్గాక స్నేహితుడొకరు ఆయన్ని లాక్కెళ్లినట్టే క్లబ్బులు కొలిచి అమర్చే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లారు. వేగం కొలిచే యంత్రం ముందు పది బంతులు కొట్టించాడు. 81, 83, 80... 83 దాటలేదు. వేగమొక్కటే కాదు, ఊపు తీరు కూడా చూశాడు. విసురుగా కిందికి లాగేవాళ్లకి కాస్త బిరుసు నప్పుతుందట. ఈయనది నిదానమైన ఊపు. చివరికి ''మీకు ఏ సరిపోతుంది సార్, సీనియర్ అంటాం'' అన్నాడు.

సీనియర్ సిటిజన్‌నని బ్యాంకులో అర శాతం ఎక్కువ వడ్డీ అడిగి మరీ తీసుకునే మనిషి, ఆ మాటకి ముఖం మాడ్చుకున్నారు. చత్వారం వచ్చినప్పుడు డాక్టరు రాసిచ్చిన అద్దాలు మారు మాట్లాడకుండా పెట్టుకున్నవారే మరి!

కుర్రాడు వాదించలేదు. ఎస్ షాఫ్ట్ మర విప్పి తీసి, అదే క్లబ్ తలకి మెత్తనిది బిగించి ఇచ్చాడు. పాతది 65 గ్రాములు, ఇది 50. బంతి లేచింది. అద్భుతమేం జరగలేదు, పెరిగింది పది గజాలే. కానీ పదింట్లో ఏడు తిన్నగా పడ్డాయి. అంతకంటే ముఖ్యం, ఆ రాత్రి కాపడం అవసరం పడలేదు.

కొడుక్కి చెప్పడానికి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. ఫోన్లో ''డ్రైవర్ ఎలా ఉంది నాన్నా?'' అని అడిగినప్పుడల్లా ''బ్రహ్మాండం'' అని మాట మార్చేవారు. నాలుగో ఆదివారం భార్యే అందుకుని ''కర్ర మార్పించారు, ఇప్పుడు హాయిగా ఉన్నారు'' అనేసింది.

అవతల కాసేపు చప్పుడు లేదు.

''ఎంత స్పీడొచ్చింది నాన్నా?''

''ఎనభై రెండనుకో.''

''నేనెప్పుడూ కొలిపించుకోలేదు'' అన్నాడు కొడుకు. ''ఇక్కడ ఫ్రెండ్సంతా ఎస్ కొన్నారని నేనూ కొన్నా. నాకూ కుడివైపే పోతోంది.''

ఆయన ఫోను చెవి మార్చుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ''తక్కువ ఎత్తులో పోతోందా? ముందది చెప్పు'' అన్నారు.