కుంచె రాతకి మన చుట్టరికం

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఉండే మనకి జపాన్ వాళ్ల కుంచె రాతతో ఏం పని అంటారా? చుట్టరికం ఉందండీ, చెబుతాను.

ముందు ఆ రాత సంగతి. దాన్ని వాళ్లు షోదో అంటారు. నూనె దీపపు మసినో, పైన్ కట్టెల మసినో జంతువుల జిగురుతో ముద్ద చేసి, అచ్చుపోసి ఆరబెడితే సిరాకడ్డీ అవుతుంది. రాతిపలక మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, మనం గంధం తీసినట్టు దాన్ని నిదానంగా అరగదీస్తారు. ఈ కళలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ అరగదీయడమే. నలుపు చిక్కబడేలోపు మనసూ కుదుటపడుతుంది. అప్పుడు కుంచె నిటారుగా పట్టుకుని గీత వెంట గీత వేస్తారు. పల్చటి కాగితం సిరాని ఇట్టే పీల్చేస్తుంది, ఇక దిద్దే వీల్లేదు. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందరపడిందో చూసేవాళ్లకి తెలిసిపోతుంది. అక్కడి పిల్లలకి బడిలో మూడో తరగతి నుంచే కుంచె పట్టిస్తారు. జనవరి 2న కొత్త ఏటి తొలి రాత రాయడం ఆనవాయితీ.

అక్షరాలు చైనా నుంచి వచ్చినవి. వాటినే గొలుసుకట్టుగా, వేగంగా రాయగా రాయగా 9వ శతాబ్దానికి వాళ్ల సొంత హిరగానా రూపు కట్టింది.

ఇక మన చుట్టరికం. 804లో చైనా వెళ్లిన కూకై అనే బౌద్ధ సన్యాసి 806లో తిరిగొస్తూ సంస్కృత మంత్రాలు రాసే సిద్ధం లిపిని వెంట తెచ్చాడు. ఆ కాలపు ముగ్గురు మేటి లేఖకుల్లో ఆయనొకడు. జపాన్ బౌద్ధాలయాల్లో బీజాక్షరాలు నేటికీ ఆ లిపిలోనే రాస్తారు. ఆ సిద్ధానికి మూలం మన బ్రాహ్మి.

అదే బ్రాహ్మికి ఇంకో కొమ్మ తెలుగు లిపి. దాని పాత ఆనవాలు ఒకటి మన జిల్లాలోనే ఉంది. కీసరగుట్ట మీద ఓ రాతిగుండుకి ఒకే ఒక్క తెలుగు మాట చెక్కి ఉంది. రాయి తొలిచేవాళ్లు అని దాని అర్థం. విష్ణుకుండినుల కాలానిదనీ, 4-5 శతాబ్దాలదనీ పండితులు చెబుతారు. రాజు బిరుదుల్లేవు, దానాల లెక్కల్లేవు. పనివాళ్లు తమ పని పేరే రాసుకున్నారు. ఉలి దెబ్బకీ దిద్దుబాటు ఉండదు కదండీ! కూకై సరసన వీళ్లనీ కూర్చోబెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

శివరాత్రి జాతరప్పుడు గుట్ట మీద కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, రామలింగేశ్వరుడికి దండం పెట్టుకుని, ఆ గుండు ఎక్కడుందో అడిగి చూసి రండి.