పచ్చబొట్టు, ప్రెజెంటేషన్ మార్కులు

మొన్న దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, బస్సు కిటకిటలాడిపోతోంది. పండగ రోజులు కూడానూ. సీటు దొరకలేదు, లింగంపేట దాకా నిలబడే వెళ్ళాను. నిలబడ్డవాడికి చూడ్డానికి ఏముంటుంది, పైన రాడ్డు పట్టుకున్న చేతులు తప్ప!

ఆ చేతుల మీదే నా కళ్ళు పడ్డాయి. పెద్దవాళ్ళ చేతుల మీద పచ్చబొట్లు. చుక్కలు, ముగ్గు గీతలు, ఒకావిడ మణికట్టు పైన తేలు. నా పక్కన నిలబడ్డ లంబాడీ అవ్వకి గడ్డం మీద కూడా మూడు చుక్కలున్నాయి. కుర్రాళ్ళ చేతుల మీదేమో టాటూలు. త్రిశూలం, రెక్కలు, ఇంగ్లీషులో గొలుసుకట్టు రాతలో ఎవరిదో పేరు. అవ్వ చేతి మీదున్నది పచ్చబొట్టు, మనవడి చేతి మీదున్నది టాటూ. రెండూ సూదితో చర్మంలోకి రంగు పొడిచిన గుర్తులే. పేరు మారేసరికి మర్యాద కూడా ఎందుకు మారిపోతుందో అని ఆలోచిస్తూ ఎల్లారెడ్డిలో దిగాను.

ఎల్లారెడ్డిలో మా పెద్దమ్మ ఉంటుంది. డెబ్భై దాటాయి. ఆవిడ రెండు ముంజేతుల నిండా పచ్చబొట్లే. చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి గానీ, ఎలా పొడిచారని ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడిగాను.

"ఎనిమిదేండ్ల పిల్లను అప్పుడు. నలుగురు గట్టిగ పట్టుకున్నరు. సూదులు కట్టగట్టి, దీపం మసిల పసరు కలిపి పొడిచిన్రు. మూడొద్దులు జరమొచ్చింది" అంది.

"ఎందుకే మరి?"

"పచ్చబొట్టు లేని చెయ్యితోని నీళ్ళిస్తే తాగకపోదురు అత్తగారింట్ల. గిది ఒక్కటే బిడ్డా మనెంట వచ్చేది. సచ్చినంక బంగారం ఒల్సుకుంటరు, గిది ఎవ్వడు ఒల్సుకోడు."

మసి నల్లగా ఉంటుంది కదా, మరి పచ్చబొట్టు ఎందుకయింది? రంగు చేరేది పై పొరలో కాదు, దాని కింది పొరలో. అక్కడున్న నలుపు పైనున్న చర్మం గుండా చూస్తే కాస్త నీలంగా, పచ్చగా అగుపిస్తుంది. ఒంట్లోని రక్షణ కణాలు ఆ మసి రేణువుల్ని మింగి అక్కడే కూర్చుంటాయి. ఒక కణం చచ్చిపోతే పక్కది వచ్చి మింగుతుంది. అందుకే అరవయ్యేళ్ళయినా పెద్దమ్మ చేతి మీది చుక్కలు చెరగలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. పండక్కి మా అక్క కూడా పుట్టింటికి వచ్చింది, కొడుకుతో సహా. వాడికి ఇరవై రెండేళ్ళు. స్టాఫ్ సెలెక్షన్ వాళ్ళ జీడీ కానిస్టేబుల్ పరీక్ష రాసి పాసయ్యాడు. అయిదు కిలోమీటర్లు ఇరవై నాలుగు నిమిషాల్లో పరుగెత్తాలి, అదీ అయ్యింది. మెడికల్‌లో పోయింది. ఎత్తు, ఛాతీ, కళ్ళు అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటర్ చదివేటప్పుడు సరదాపడి కుడి ముంజేతి మీద "అమ్మ" అని వేయించుకున్నాడు. అదీ కారణం.

నమ్మబుద్ధి కాక నోటిఫికేషన్ తెరిచి చూశాను. రూలు చాలా వివరంగా ఉంది. మత చిహ్నాలైనా పేర్లయినా ఫర్వాలేదు. ముంజేతి లోపలి వైపైతే ఎడమ చేతికే ఉండాలి, ఎందుకంటే అది సెల్యూట్ కొట్టే చెయ్యి కాదు. అరచేతి వెనక వైపున్నా సరే. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువుండాలి. అంటే మావాడు అదే "అమ్మ"ని ఎడమ చేతి మీద రాయించుకుని ఉంటే ఈపాటికి ట్రైనింగులో ఉండేవాడు!

ఈ రూలు మీద జనం కోర్టులకి కూడా వెళ్ళారు. 2022లో ఢిల్లీ హైకోర్టు, కుడిచేతి పచ్చబొట్టు వల్ల తిరస్కరించబడిన ఒక అభ్యర్థికి, దాన్ని తీయించుకుని మళ్ళీ మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళే అవకాశం ఇచ్చింది. మావాడు కూడా లేజర్ గురించి కనుక్కుంటున్నాడు. కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు తిరగాలట. నలుపు రంగు కాబట్టి కాస్త నయం, ఆకుపచ్చ, పసుపు అయితే ఇంకా మొండివి. వయసు ఇంకా ఉంది, వచ్చే నోటిఫికేషన్‌కి మళ్ళీ రాస్తానంటున్నాడు.

అన్నీ చెప్పి చివర్లో వాడు మామూలుగానే అడిగాడు: "మీ సాఫ్ట్‌వేర్ల గిసొంటి రూల్స్ ఉండయి గద మామా?"

"ఉండవురా" అనబోయాను. నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

2016లో నేను పాత కంపెనీలో ఉండగా హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్ళాం. ప్యానెల్లో నేనూ, నాకంటే సీనియర్ ఒకాయనా. మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. గడ్డం మీద మూడు చుక్కలు, ఎడమ కంటి పక్కన ఒకటి, చేతి మీద కొన్ని. చూడగానే అవేమిటో నాకు తెలుసు.

"ఏ ఊరమ్మా?"

"ఎల్లారెడ్డి దగ్గర తండా సార్."

నేను డెడ్‌లాక్ గురించి అడిగాను. రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోతే డేటాబేస్ ఏం చేస్తుంది? ఆ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. ఇరుకు బాటలో రెండు ఎడ్లబండ్లు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే కదా సార్, ఎవరికి తక్కువ దూరం వెనక్కి పోవాల్సి వస్తుందో వాళ్ళని పొమ్మంటాం, డేటాబేస్ కూడా తక్కువ పని పోయే ట్రాన్సాక్షన్‌నే రోల్‌బ్యాక్ చేస్తుంది అని. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా చెప్పగా నేను వినలేదు.

ఆమె బయటికి వెళ్ళాక సీనియర్ అన్నాడు, "టెక్నికల్‌గా ఓకే. కానీ ఆ ముఖం మీద అదేంటి? రేపు క్లయింటుతో వీడియో కాల్లో ఎలా కూచోబెడతాం?"

ఫారంలో మూడు గళ్ళు: టెక్నికల్, కమ్యూనికేషన్, ప్రెజెంటేషన్. ఒక్కోదానికి అయిదు మార్కులు. మూడో గడిలో నేను రెండు వేశాను. నా పెన్నుతోనే, నా చేత్తోనే. సాయంత్రం కటాఫ్ లెక్క తీస్తే ఆ అమ్మాయి ఒక్క మార్కుతో ఆగిపోయింది.

అవి ఏమిటో సీనియర్‌కి తెలీదు, అతనికి ఆ ఒక్క సాకన్నా ఉంది. నాకు తెలుసు. "చిన్నప్పుడు వాళ్ళవాళ్ళు పొడిపిస్తారు సార్, మా పెద్దమ్మకీ ఉన్నాయి" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. అంటే నేనెక్కడి వాడినో చెప్పుకోవాలి. అప్పటికి పదేళ్ళుగా నా యాస దాచుకుంటూ, "కామారెడ్డి" బదులు "నిజామాబాద్ వైపు" అని సరిపెట్టుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ అమ్మాయికి నాది పక్క ఊరేనని కూడా చెప్పలేదు.

రెండు నెలల తర్వాత డెన్వర్ నుంచి మా క్లయింటు తరఫున ఆర్కిటెక్టు ఆఫీసుకి వచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు. రెండు ముంజేతుల నిండా డ్రాగన్లు! ఇదే సీనియర్ "వావ్, ఎక్కడ వేయించుకున్నారు?" అని అడిగి మరీ ఫోటో దిగాడు. ఎవరు ఏమనుకుంటారో అని మేం భయపడ్డామో ఆ క్లయింటు ఈయనే.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "నాకైతే కుడిచెయ్యి కాబట్టి రిజెక్ట్ అని కాయితం ఇచ్చిన్రు. ఆ అక్కకు ఏం జెప్పిన్రు మామా?" అన్నాడు.

ఏమీ చెప్పలేదు. లిస్టులో పేరు రాలేదు, అంతే.

వాడి ప్రశ్న విన్న తర్వాత నాకు అర్థమయింది. వాడి రూలు మొరటుదే కావచ్చు. కుడి ఎడమల లెక్క నాకూ విడ్డూరంగానే ఉంది. కానీ అది రాసి ఉంది. ముందే చదువుకోవచ్చు, కొలవచ్చు, కోర్టులో నిలదీయచ్చు, లేజర్ చేయించుకుని మళ్ళీ రావచ్చు. ఇంకో సంగతి తెలుసా? మన సైన్యం మామూలు అభ్యర్థులకి ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటుంది గానీ, ప్రభుత్వం గుర్తించిన తెగల వాళ్ళకి ఆచారం ప్రకారం ముఖం మీద ఉన్నా సందర్భాన్ని బట్టి అనుమతిస్తుంది. క్రమశిక్షణకి మారుపేరైన సైన్యానికి అడ్డురాని మూడు చుక్కలు, టీషర్టులేసుకుని కోడ్ రాసుకునే మనకి అడ్డొచ్చాయి.

ఆ చుక్కల్ని చూస్తే మనకి చిన్నచూపు ఎందుకు? ఇదేమీ నిన్నా మొన్నటిది కాదు. బ్రిటిష్ వాళ్ళు 1797 నుంచి బెంగాల్‌లో కొందరు ఖైదీలకి నుదుటి మీద నేరం పేరు పచ్చబొట్టుగా పొడిపించేవాళ్ళు. 1849 దాకా అది చట్టమే. మన వైపు ఊరూరూ తిరిగి పచ్చబొట్లు పొడిచిన వాళ్ళలో ఎరుకల స్త్రీలు ఎక్కువ. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని తర్వాత మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి, అదే ఎరుకల వాళ్ళని పుట్టుకతో దొంగలన్నారు. స్టూవర్టుపురం అలా పుట్టిందే. ఆ చట్టం 1952లో పోయింది. చూసీ చూడగానే లెక్కగట్టే అలవాటు మాత్రం మనకి మిగిలింది.

"ఇష్టపడి వేయించుకున్నవాడు దాని ఫలితం కూడా తెలుసుకోవాలి కదా" అని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. ఎవడైనా చేతి మీద బూతో, ఒక కులాన్నో మతాన్నో తిట్టే మాటో రాయించుకొస్తే నేనూ వద్దంటాను. ఎదుటి మనిషి పక్కన కూచుని పనిచెయ్యాలి కదా. అయితే ఆ సంగతి ముందు రాసి పెట్టాలి. ఇక ఎనిమిదేళ్ళ వయసులో నలుగురు పట్టుకుని పొడిపించిన దానికి ఇష్టం ఎక్కడిది?

అమెరికాలో ఉన్న మిత్రులకి తెలుసు, అక్కడ కూడా పచ్చబొట్లకి ప్రత్యేకంగా చట్టరక్షణ ఏమీ లేదు, మతవిశ్వాసం ముడిపడితే తప్ప. అయినా స్టార్‌బక్స్ 2014లో, యూపీఎస్, డిస్నీ పార్కులు 2021లో తమ రూళ్ళు సడలించాయి. 2022లో అమెరికా సైన్యం చేతికొకటి చొప్పున అంగుళం లోపు టాటూకి ఒప్పుకుంది. పైకి ఎన్ని మంచి మాటలు చెప్పినా, పనికి మనుషులు దొరకాలి కదా. న్యూజీలాండ్‌లో 2021లో గడ్డం మీద మావోరీ పచ్చబొట్టు ఉన్న ఒరీనీ కైపారా ప్రధాన సమయంలో జాతీయ టీవీ వార్తలు చదివింది. దేశం మొత్తం చూసే తెరకి పనికొచ్చిన గడ్డం మన వీడియో కాల్‌కి పనికిరాదా?

ఇప్పుడు నేనుండేది వేరే కంపెనీ. ఫారం మాత్రం అలాంటిదే, మూడో గడితో సహా. పండగ నుంచి రాగానే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను: ప్రెజెంటేషన్ అంటే ఏమిటి, పచ్చబొట్టు ఉంటే మార్కులు తగ్గించాలా అని. రెండు లైన్ల జవాబు వచ్చింది. "టాటూల విషయంలో మనకు పాలసీ ఏదీ లేదు. అది ఇంటర్వ్యూయర్ విచక్షణకు వదిలేశాం."

అంటే 2016లో ఆ అమ్మాయిని ఆపిన రూలు ఏ పుస్తకంలోనూ ఉండి ఉండదు. ఆ రోజు ఆ గదిలో కూచున్న నేనే ఆ రూలు.

ఆ గడి తీసెయ్యండి, లేదంటే దేనికి మార్కులు వెయ్యాలో రాసి ఇవ్వండి అని మళ్ళీ రాశాను. వచ్చే క్వార్టర్‌లో చూద్దాం అన్నారు. మన క్వార్టర్ల సంగతి తెలిసిందే. ఈలోగా నేను ఆ గడిలో అడ్డంగా గీత గీసి "వర్తించదు" అని రాస్తున్నాను. ఒకసారి ఫారం వెనక్కి వచ్చింది. మళ్ళీ అలాగే రాసి పంపాను, ఆ పైన ఎవరూ అడగలేదు.

ఇందువల్ల 2016 నాటి అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. ఆమె ఎక్కడో మంచి ఉద్యోగమే చేస్తూ ఉండచ్చు, అలా అనుకుని నేను సంతృప్తి పడితే మాత్రం అది మోసమే. మీలో చాలామంది ఈ సీజన్లో ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూచుంటారు. ఆ మూడో గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ వేసే అంకెకి కారణం ఎదుటి మనిషి ముఖం మీద చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ అంకె వెయ్యకండి.