కాలువ గట్టున సైకిలు ప్రయాణం

వేకువనే అమలాపురంలో సైకిళ్లెక్కి, అంబాజీపేట కొబ్బరితోటలు దాటి, కంకర గట్టు వెంట గన్నవరం చేరాము. అక్కడ క్రింద వైనతేయ పాయ, పైన అక్విడెక్టులో రాజోలు వైపు సాగే కాలువ! కాటన్ దొర కాలంలో, 1850లలో కట్టిన పాతదానికి 49 ఖానాలు. ప్రక్కనున్న కొత్తదానికి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు.

అలసి నీళ్లు త్రాగి, ఖాళీ సీసా కాలువలోకి విసరబోయాము. దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఈ నీటితోనే గదా! సిగ్గుపడి సీసాను సంచిలో వేసుకున్నాము. రాజోలు చూచి, బోడసకుర్రు వంతెన మీదుగా ఇల్లు చేరాము.

ఎవరో త్రవ్వించిన కాలువ నీరు త్రాగుచున్నాము. దిగువవారికి మనమేమి పంపుచున్నాము?