అయిదున్నరకు ఆగిపోయే పడవ

అలెప్పీలో పున్నమడ రేవు సందడి చూడాలంటే మధ్యాహ్నం పన్నెండు గంటలకు వెళ్లాలి. వరసగా నిలబడ్డ హౌస్‌బోట్లు, సూట్‌కేసులు మోసే సిబ్బంది, తమ పడవ ఏదో తెలియక అటూ ఇటూ తిరిగే కుటుంబాలు. నెహ్రూ ట్రోఫీ పాము పడవల పందేలు జరిగేదీ ఈ నీళ్లలోనే. పడవ ఎక్కగానే చేతికి కొబ్బరి నీళ్లు అందిస్తారు. అప్పటికి అందరూ స్నేహితులే. తగవులు మొదలయ్యేది సాయంత్రం అయిదున్నరకు!

ఈ పడవల అసలు పేరు కెట్టువళ్లం. మేకు కొట్టకుండా అంజిలి చెక్క పలకల్ని కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, జీడిగింజల పెంకు నూనె పూసి తయారుచేస్తారు. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చి దాకా మోసినవి ఇవే. రోడ్లూ లారీలూ వచ్చాక వాటికి పని పోయింది. 1990ల్లో వాటి మీద వెదురు తడికల కప్పు వేసి, లోపల పడగ్గదులు అమర్చి పర్యాటకుల్ని ఎక్కించడం మొదలుపెట్టారు. చిన్న పడవల్లో సాధారణంగా ముగ్గురు సిబ్బంది ఉంటారు. ఒకరు చుక్కాని పడతారు, ఒకరు ఇంజిన్ చూస్తారు, మూడో ఆయన వంట చేస్తాడు. చుక్కాని పట్టే ఆయన్ని అక్కడ స్రాంక్ అంటారు. మన గోదావరి లాంచీల సరంగు, ఆ స్రాంక్ ఒకటే మాట.

పడవ మొత్తం మనం అద్దెకు తీసుకున్నదే. కానీ అది ఎప్పుడు ఆగాలో చెప్పేది సరంగు. తిరకాసంతా అక్కడే.

మా పక్కన తాడు కట్టిన పడవలోంచి తెలుగు వినిపించింది. ‘‘రేపు పొద్దున తొమ్మిదింటి దాకా డబ్బు కట్టాం. అయిదు గంటలు తిప్పి ఆపేస్తే ఎట్లా? ఏంటి బావగారూ, మీరూ ఊరుకుంటారేం?’’ బావగారు జేబులోంచి నోట్లు తీశారు. ‘‘ఇంకో గంట తిప్పు బాబూ, డీజిల్ డబ్బు మేమిస్తాం.’’ సరంగు తల అడ్డంగా ఊపి, వచ్చీరాని హిందీలో ఏదో చెబుతూ నీళ్లవైపు చూపించాడు. చిన్న చిన్న దోనెలు అప్పుడే వలలు వదులుతున్నాయి. సాయంత్రం నుంచి తెల్లారేదాకా వెంబనాడు సరస్సు జాలరులది. పెద్ద పడవ మీదుగా పోతే వల తెగుతుంది, ఆ ఇంటి రాబడి పోతుంది. మాట కూడా సరంగుకే వస్తుంది.

చీకటి సంగతి వేరే చెప్పాలా? 2023 మే 7న అదే కేరళలో తానూరు దగ్గర, పొద్దుపోయాక కిక్కిరిసిన విహారపు పడవ బోల్తాపడి 22 మంది పోయారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరాన్ని మనమూ మరిచిపోలేం. డబ్బు చూపించినా కదలని సరంగు దొరకడం ఆ కుటుంబం అదృష్టమనే నాకనిపించింది.

అలాగని ప్రతి తగవులోనూ సిబ్బందిదే న్యాయం కాదు. డీజిల్ మిగుల్చుకోవడానికి సరస్సులోకి పోకుండా రేవు చుట్టుపక్కల కాలువల్లోనే తిప్పేవాళ్లుంటారు. భోజనానికి ఆపి గంటన్నర కదలరు. దారిలో చేపల కొట్టు దగ్గర ఆపి, పెద్ద రొయ్యలు కొనేదాకా బయల్దేరరు. ఏసీ సంగతి మరీ అన్యాయం. ‘ఏసీ పడవ’ అని అమ్ముతారు. మామూలు పడవల్లో అది నడిచేది రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే. ఆ మాట ఏజెంటు చెప్పడు. మధ్యాహ్నం ఉక్కపోతకు పెద్దవాళ్లు విసుక్కుంటే తిట్లు తినేది మాత్రం వంటాయన. అందుకే ఎక్కకముందే, రేవులోనే, సరంగుతో నేరుగా మూడు సంగతులు అడగాలి: సరస్సులోకి ఎంత దూరం తీసుకెళ్తావు? రాత్రికి ఎక్కడ ఆపుతావు? ఏసీ ఎప్పుడు వేస్తావు? అతని జవాబు ఇంట్లో అందరూ వినాలి.

తిండి దగ్గర రాజీ తేలిక. కొబ్బరినూనె వాసన పడదని ముందే చెబితే వేరే నూనె వాడతారు. ఆవకాయ సీసా మనతో ఎలాగూ ఉంటుంది. మా వంటాయన దాన్ని రుచి చూసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకొంచెం అడిగాడు!

అన్నిటికంటే గట్టిగా పేచీ వచ్చేది పాటల దగ్గర. రాత్రి పడవ ఆగేది ఏ అడవిలోనో కాదు, ఎవరి గుమ్మం ముందో. కుట్టనాడులో పొలాలు సముద్రమట్టం కంటే కిందికి ఉంటాయి. కాలువకూ పొలానికీ మధ్య ఉన్న సన్నటి గట్టు మీదే ఇళ్లు. ఆ గట్టు రాళ్ల మీదే ఆడవాళ్లు బట్టలుతుకుతారు, గిన్నెలు తోముతారు. వాళ్లకేసి కెమెరా తిప్పినా, పదిన్నరకు స్పీకరు మోగినా గట్టు మీది పెద్దాయన కేకేసేది సరంగునే. మనం పొద్దున వెళ్లిపోతాం. అతను మర్నాడు సాయంత్రం అక్కడికే వచ్చి తాడు కట్టుకోవాలి.

మనం తలుపులేసుకున్నాక ఆ ముగ్గురూ వంటగది పక్కన చాపలు పరుచుకుంటారు. పొద్దున ఎనిమిదింటికి పడవ మళ్లీ కదులుతుంది, తొమ్మిదికి రేవు. అక్కణ్నుంచి పన్నెండు లోపు దుప్పట్లు మార్చాలి, నీళ్లు నింపాలి, కూరగాయలు తేవాలి. ఇచ్చే బక్షీసు ఎదురుగా కనిపించిన వంటాయన ఒక్కడి చేతిలో పెట్టి దిగిపోకండి. ఇంజిన్ దగ్గర ఉండే కుర్రాడు పడవ వెనకాల ఉంటాడు, పిలిస్తేగానీ రాడు.