తొంభై సెకన్లు

ఎలక్ట్రానిక్ సిటీలో కాపురముంటూ, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ ఒకటి ఎందుకు ఆలస్యంగా లేస్తున్నదో తెలియక మూడు వారాలు తిప్పలు పడ్డానంటే మీరు నవ్వుతారు. 1978లో కియోనిక్స్ సంస్థ కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలతో మొదలుపెట్టిన పేట ఇది. వీధికి పదిమంది కంప్యూటర్ తెలిసినవాళ్లుంటారు. నేను మాత్రం జమాఖర్చులు చూసుకునే ఉద్యోగిని. ఈ విద్య సరదాకు నేర్చుకున్నది.

ఆ యంత్రం పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రాములు రాయడం అలవాటు చేయాలని ఇంగ్లండులో రూపొందించి, 2012లో అమ్మకానికి పెట్టారు. హార్డ్ డిస్క్ ఉండదు, గోరంత మెమరీ కార్డు మీదే నడుస్తుంది. దానికి స్పీకర్ తగిలించి పూజగది పక్కన పెట్టాను. పొద్దున ఐదున్నరకు అమ్మ స్విచ్ వేస్తే పాటలు మొదలవుతాయి, మధ్య మధ్య మా నాయన గొంతు వస్తుంది. నాయన హోసూరు పక్క పల్లెలో తెలుగు అయ్యవారు. కన్నడమూ ఇంగ్లీషూ చదివే మనవల కోసం, చివరి రోజుల్లో వేమన పద్యాలూ పల్లె కథలూ నలభై దాకా చెప్పి రికార్డు చేయించారు. అవన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో ఉండేవి. పాటలు మాత్రం కార్డులోనే ఉన్నాయి.

నలభై సెకన్లలో పాడే పెట్టె, ఉన్నట్టుండి రెండు నిమిషాలు దాటితే గాని నోరు విప్పడం మానేసింది. మొదట కరెంటును అనుమానించాను. దీనికి ఐదు వోల్టులు కావాలి, 4.63 కంటే తగ్గితే తెరమీద మెరుపు గుర్తు చూపిస్తుంది. చార్జర్ మార్చాను. లాభం లేదు. కార్డు పాతబడిందేమోనని కొత్తది వేశాను. అదీ అంతే. లేచేటప్పుడు ఎవరెవరు ఎంతసేపు తీసుకున్నారో పట్టీ వేసి చూపే ఆజ్ఞ ఒకటుంది, దాని పేరే ‘బ్లేమ్’. నిందించడానికి అందులోనూ ఎవరూ దొరకలేదు. పనిచేసినవాళ్ల లెక్క ఆ పట్టీలో ఉంటుంది గాని, రానివాళ్ల కోసం కాచుకున్న లెక్క ఉండదు.

ఆ రోజుల్లోనే అమ్మ రెండుసార్లు అన్నది: “ఏమిరా, మీ నాయన గొంతు ఇనబడక నాలుగు దినాలాయె.”

“ఉండమ్మా, ముందు ఈ ఆలస్యం సంగతి తేల్చనీ” అన్నాను.

చివరికి ఒక ఆదివారం పెట్టెను టీవీకి తగిలించి చూశాను. తెరమీద ఒక వాక్యం దగ్గర ఎర్రటి చుక్కలు అటూ ఇటూ కదులుతున్నాయి. పక్కన సెకన్ల లెక్క, దాని గడువు ఒకటిన్నర నిమిషం. పెన్ డ్రైవ్ వచ్చాకే పాడమని ఆ పెట్టెకు ఎప్పుడో నేనే రాసిపెట్టాను. ఎంతసేపు చూడాలో రాయలేదు. రాయకపోతే అది తొంభై సెకన్లు చూస్తుంది, తర్వాత ఉన్న పాటలతో సరిపెట్టుకుంటుంది. పెన్ డ్రైవ్ దాని చోటులోనే ఉంది, కాని చచ్చిపోయింది.

యంత్రమూ అమ్మా చెబుతున్నది ఒక్కటే మాట. నాకు మాత్రం ఆలస్యమే వినిపించింది.

ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. నలభైలో ఇరవైమూడు దక్కాయి. ఇప్పుడవి కార్డులో ఒక ప్రతి, హోసూరులో తమ్ముడి దగ్గర ఒక ప్రతి ఉన్నాయి. కొత్త పెన్ డ్రైవ్‌కు గడువు ఐదు సెకన్లు చేశాను. అది రాకపోతే, పాటకు ముందు ఆ సంగతి పైకి చెప్పమని రాశాను. గడువు ఒక్కటే తగ్గించి ఊరుకుంటే పెట్టె చకచకా పాడేది, నాయన గొంతు పోయిందని నాకు ఎప్పటికి తెలిసేదో!

మీ ఇళ్లలో పెద్దల గొంతులు ఒక్కచోటే ఉంటే, ఈ పూటే ఇంకోచోటికి ఎత్తిపెట్టుకోండి.

పోయినవాటిలో రెండు మూడు కథలు అమ్మకు నోటికి వచ్చు. వచ్చే ఆదివారం చెప్పించి రికార్డు చేయాలని నా ఆశ. “నా గొంతు ఎవరింటార్రా” అంటోంది గాని, నిన్న వంటింట్లో తనలో తాను ఒక కథ మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడం విన్నాను.