నిషానా వెనక ఏముంది?

ఈ ఆగస్టులో మా భోజనాల బల్ల మీదికి ఒక కొత్త కితాబు వచ్చింది. అట్ట మీద నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి, భుజాన బందూక్. మా బేగం దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన బల్లిని పారేసినట్టు పక్కన పెట్టి, దస్తర్‌ఖాన్ పరిచింది. "ఆలూరు నుంచి డాలస్ దాకా వచ్చింది షికారీలు కావడానికా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సంగతేమిటంటే, మా చిన్నోడికి 13 ఏళ్ళు. వాడి స్కూలు దోస్త్ వాళ్ళకు ఆస్టిన్ అవతల కొండల వైపు ఒక రాంచ్ ఉంది. నవంబరులో జింకల వేటకు వీణ్ణి కూడా రమ్మని దావత్ ఇచ్చారు. వాడు నెల రోజులు నా వెంటపడ్డాడు. "సరే, వెళ్తే ఇద్దరం వెళ్దాం, కానీ ముందు కోర్సు చేద్దాం" అన్నాను. టెక్సాస్‌లో వేటకు లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పాసవ్వాలి. నా పుట్టినరోజు 1974 జూలై 1. మా క్లాసులో సగం మందిమి ఆ తారీఖునే పుట్టాం, హెడ్మాస్టరు గారి మెహర్బానీ. అసలు తారీఖు అల్లాకే ఎరుక. ఎటు చూసినా కోర్సు తప్పదు.

ఆఫీసులో చెబితే మన తెలుగు కుర్రాళ్ళు ఎగబడ్డారు. వాళ్ళ శౌఖ్ వేట మీద కాదు. హెచ్-వన్-బి వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ బందూక్ పట్టుకోవడమే మామూలుగా ఫెడరల్ నేరం. ఆ చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఒకటి. అందుకని జింక మొహం ఎన్నడూ చూడని వాళ్ళు కూడా షూటింగ్ రేంజికి పోవడానికి ఈ లైసెన్సు తీసుకుంటుంటారు. "అన్నా, ఆ క్వశ్చన్లు ఏమేం వస్తాయో మాక్కూడా పంపు" అన్నాడొకడు. మన వాళ్ళకు ఏ ఇమ్తెహానైనా క్వశ్చన్ బ్యాంకే.

నేనూ మొదట అట్లాగే చదివాను. ఇషా నమాజు తర్వాత నేనూ చిన్నోడూ ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలు అడుక్కునేవాళ్ళం. నేననుకున్నది, ఈ కితాబు ఎట్లా కాల్చాలో చెబుతుందని. తీరా చూస్తే ఎప్పుడు కాల్చకూడదో చెప్పడానికే ఎక్కువ పేజీలు. ప్రతి బందూక్‌నూ తూటా నిండి ఉన్నదనే అనుకో. గొట్టం మూతి ఎప్పుడూ ప్రాణం లేని దిక్కుకే ఉంచు. కాల్చే క్షణం దాకా ఘోడా మీద వేలు పెట్టకు. నిషానా ఏమిటో, దాని ముందు ఏముందో, వెనక ఏముందో తెలియకుండా కాల్చకు. ఈ నాలుగే అసలు పాఠం. చిన్న పాయింట్ టూ-టూ తూటా కూడా మైలుకు పైగా పోగలదట. కొండ అంచు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ జింకను కాల్చవద్దంటారు. ఎందుకంటే దాని వెనక ఏముందో నీకు కనబడదు.

ఆదివారం పొద్దున అబ్బాకి ఫోన్ చేస్తాను. అప్పటికి ఆలూరులో మగ్రిబ్ అయిపోయి ఉంటుంది. అబ్బాకి 77 ఏళ్ళు. పొలం గుత్తకిచ్చాడు గానీ మనసు ఇంకా నల్లరేగడిలోనే ఉంటుంది. ఆ రోజు కూడా జింకల గురించే మొదలుపెట్టాడు. పత్తి మొలక రెండాకులు వేయగానే మంద దిగి నమిలేసి పోయిందట. గుత్తదారు రాత్రంతా చేలో టార్చి వేసుకుని, తట్ట మోగిస్తూ కూర్చుంటున్నాడట. నేను నవ్వుతూ, "అబ్బా, మీ పోతా ఇక్కడ జింకల వేట నేర్చుకుంటున్నాడు" అన్నాను.

అటు నుంచి మాట లేదు. లైన్ కట్టయిందనుకున్నాను.

"నక్కో బేటా" అన్నాడు కొంతసేపటికి. "బందూక్ మన ఖాందాన్‌కి కలిసిరాలేదు."

మా దాదాకి లైసెన్సు ఉన్న ఏకనాలీ బందూక్ ఉండేదని నాకు తెలుసు. అది కట్టిన మేకు మా పాతింటి గోడకు చాలాకాలం ఉండింది. మేం పిల్లలం దానికి స్కూలు సంచులు తగిలించేవాళ్ళం. దాదా తమ్ముడు, మా ఛోటే దాదా, కుడికాలు ఈడుస్తూ నడిచేవాడనీ తెలుసు. బండి చక్రం కింద పడిందని చెప్పేవాళ్ళు. ఆ మేకుకీ ఆ కాలుకీ రిష్తా ఉందని యాభై ఏళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

1969లో, అబ్బాకి 21 ఏళ్ళు. జొన్న కంకి పాలుపట్టింది. పందులు రోజూ చేలో పడుతున్నాయి. దాదా మూడు రాత్రులు నిద్ర లేకుండా మంచె మీద కాపలా. నాలుగో రోజు మాపటేళ, వెలుగు పోయీ పోకముందు, జొన్న కదిలింది. దాదా కాల్చాడు. కదిలింది ఛోటే దాదా. అన్నకు రొట్టెల మూట తెచ్చాడు. దగ్గరి దారని గట్టు మీద నుంచి కాకుండా చేనుకు అడ్డంగా వచ్చాడు. ఎద్దులబండి మీద రాత్రికి రాత్రి బళ్ళారి తీసుకుపోయారు. జాన్ దక్కింది, కాలు దక్కలేదు. బండి చక్రం కథ ఆ దారిలోనే పుట్టింది.

"పిలిచి ఉంటే పలికేవాడు" అన్నాడు అబ్బా. "ఒక్క కేక. అంతే."

1971 ఎలక్షన్లకు అందరి బందూక్‌లూ స్టేషన్‌లో జమ చేయమన్నారు. దాదా తీసుకుపోయి ఇచ్చాడు. ఎలక్షన్లు అయిపోయాక మళ్ళీ తెచ్చుకోలేదు. ఆ మరుసటి ఏడాదే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన దేశంలో సరదా షికారుకు అప్పటి నుంచే తలుపు మూసుకుంటూ వచ్చింది. మా ఇంట్లో మాత్రం అంతకు ముందే మూసుకుంది.

ఆ తర్వాత కితాబు తెరిస్తే అక్షరాలు వేరేగా కనిపించాయి. మనిషి కన్ను తాను ఎదురుచూస్తున్నదాన్నే చూస్తుందని అందులో హెచ్చరిస్తారు. జింక కోసం గంటల తరబడి కూర్చున్నవాడికి కదిలిన కొమ్మ కూడా జింకే. అలసిపోతే, వెలుగు తగ్గితే మరీ. కదలికను కాల్చకు, చప్పుడును కాల్చకు, రంగును కాల్చకు, మొత్తం జంతువును చూసి పోల్చుకున్నాకనే కాల్చు అంటారు. టెక్సాస్‌లో సర్కారీ భూముల్లో వేటాడేవాళ్ళు 400 చదరపు అంగుళాల నారింజ రంగు తొడుక్కోవాలి. అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144 ఉండాలి, తల మీద టోపీ వేరే. జింకకు ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు. తోటి మనిషికి కనిపించాలనే ఆ తొడుగు. మా ఛోటే దాదా ఆ రోజు తొడుక్కున్నది మట్టి రంగు చొక్కా అయి ఉంటుంది. జొన్నచేలో మట్టి రంగు ఏం కనిపిస్తుంది?

ఇంకో ఇమ్తెహాన్ కూడా ఉంది, అది సర్కారుది కాదు. కాల్చిన జింక హలాలా? జుమ్మా తర్వాత మా మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడిగాను. తూటాతోనే చచ్చిన జంతువు విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. తూటా కోయదు, దెబ్బతో చంపుతుంది గనక, జబా చేయకముందే జాన్ పోతే తినకూడదని హనఫీ ఉలమాల్లో చాలామంది అంటారు. బిస్మిల్లా చెప్పి కాల్చితే జాయజ్ అనేవాళ్ళూ ఉన్నారు. బిస్మిల్లా చెప్పి కాల్చు, ఊపిరి ఉండగానే పరిగెత్తి జబా చెయ్యి, అదీ ఎహ్తియాత్ అన్నారు ఆయన. "అన్నిటికన్నా ముందు నియ్యత్. తినడానికా, తమాషాకా? ప్రాణమున్నదాన్ని ఊరికే నిషానాగా పెట్టుకోవడాన్ని మన నబీ మనా చేశారు" అన్నారు. పరిగెత్తే సంగతి మాత్రం కితాబుతో కుదరదు. జింకకు దెబ్బ తగిలాక వెంటనే వెంటపడకు, అది బెదిరి దూరం పోతుంది, అరగంట దాకా ఆగు అంటుంది కితాబు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. అక్కడికక్కడే కూలేంత దగ్గర్లో, గుండె ఊపిరితిత్తులు పక్క నుంచి చక్కగా దొరికినప్పుడు తప్ప కాల్చకూడదు. దీన్, దునియా రెండూ కలిసింది ఆ ఒక్కచోటే.

క్లాసు ఒక శనివారం. చెప్పింది ఒక ముసలాయన, జీతం లేకుండా ఖిద్మత్ కింద చెప్పే వలంటీరు. మధ్యలో మాటల్లో, రాంచుల్లో ఏయే జంతువులుంటాయో చెబుతూ ఒక ఫోటో చూపించాడు. మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. నా గుండె ఝల్లుమంది. మా కృష్ణజింక! 1932లో వీటిని ఇక్కడికి తెచ్చి వదిలారట. ఇక్కడ వీటికి సీజన్ లేదు, ఇన్నేనన్న లెక్క లేదు. లైసెన్సు, భూమి సొంతదారు ఇజాజత్ ఉంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు అది రాష్ట్ర జంతువు, చట్టంలో మొదటి షెడ్యూలు. చంపితే 3 నుంచి 7 ఏళ్ళ ఖైదు. పంట తిన్నదన్న కారణానికి దాన్ని చంపే ఇజాజత్ చట్టంలో లేనే లేదు. ఇక్కడ దాని మీద డబ్బు సంపాదించే ఆసామి, అక్కడ దాని వల్ల రాత్రంతా తట్ట మోగించే గుత్తదారు. ఎవరిది ఇన్సాఫో తేల్చే తాకత్ నాకు లేదు. కానీ ఆ గుత్తదారు చేతికి, నిద్రలేని నాలుగో రాత్రి, ఈ నాలుగు పాఠాలు చెప్పకుండా ఒక బందూక్ ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు.

మధ్యాహ్నం కంచె దాటే అభ్యాసం. తూటాలు లేని బందూక్‌లు ఇచ్చారు. గది తెరిచి, ఖాళీ అని చూసి, గొట్టం మూతి అవతలికి పెట్టి, కంచె కింద నుంచి బందూక్‌ను నెట్టాలి. తర్వాత మనం వేరే చోట దాటి, వెనక వైపు నుంచి తీసుకోవాలి. చిన్నోడు తప్పు లేకుండా చేశాడు. నేనూ చేశాను. మాషా అల్లాహ్ అనుకుంటూ, శాబాష్ చెప్పడానికి వాడి వైపు తిరిగాను. బందూక్ నా చేతిలోనే ఉంది.

ముసలాయన గొంతు పెంచలేదు. "సర్, ఇప్పుడే మీ గొట్టం మీ అబ్బాయి మోకాళ్ళ మీదుగా పోయింది" అన్నాడు.

ఖాళీ బందూకే. అయినా నా చేతులు చాలాసేపు వణికాయి. నెల రోజులు చదివాను, ప్రతి ప్రశ్నకూ జవాబు కంఠతా వచ్చు. మా దాదా కథ విని పదిహేను రోజులు కూడా కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చేయించమని నేనే అడిగాను. ఆయన నాలుగుసార్లు చేయించాడు.

రాత పరీక్షలో ఇద్దరం పాసయ్యాం. ఈ సర్టిఫికెట్ జిందగీ మొత్తానికి చెల్లుతుంది. ఇంటికి వచ్చే దారిలో చిన్నోడికి ఛోటే దాదా సంగతి మొత్తం చెప్పాను. బండి చక్రం కథ నా తర్వాతి తరానికి వెళ్ళకూడదనిపించింది. వాడు కిటికీ లోంచి చూస్తూ ఉండిపోయాడు. ఇల్లు దగ్గరపడ్డాక అడిగాడు: "మరి ఆయన వాళ్ళ అన్నతో మళ్ళీ మాట్లాడాడా?"

నాకు తెలియదు. ఆదివారం అబ్బాని అడిగాను.

"రోజూ మాట్లాడుకునేవాళ్ళు" అన్నాడు అబ్బా. "ఒకే నులకమంచం మీద కూర్చుని బీడీలు తాగేవాళ్ళు. ఛోటే దాదా ఆ పొద్దు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మీ దాదా మాత్రం, తమ్ముడు లోపలికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. పెద్దవాడై ఉండి కూడా."

నవంబరుకు ఇంకా టైముంది. వెళ్తే వెళ్తాం. కాల్చకుండా కూడా తిరిగి రావొచ్చని చిన్నోడికి చెప్పాను. దువాలో యాద్ ఉంచుకోండి.