సఫర్ చార్టు

మా అబ్బా ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపారు. ఎక్కువ కాలం మిర్యాలగూడ, సాగర్ మధ్యనే. ఎందరినో పెళ్లిళ్లకి, జాతరలకి, ఉర్సులకి, ఆసుపత్రులకి చేర్చారు. మేం మాత్రం కుటుంబమంతా కలిసి ఒక్కసారి కూడా సైర్‌కి పోలేదు. అమ్మీ అడిగేది. సాగర్ డ్యామ్‌కి ఇరవై ఆరు గేట్లంట, అన్నీ ఎత్తినప్పుడు నీళ్లు దూకుతుంటే చూడాలని ఉందనేది. "ఛుట్టీ నై మిల్రీ" అనేవారు అబ్బా. అమ్మీ ఇంతెఖాల్ అయ్యేదాకా ఆ జవాబు మారలేదు.

అమ్మీ పోయిన ఏడాదికి అబ్బా మా దగ్గరికి వచ్చారు. మేం ఉండేది టెక్సస్‌లోని అర్వింగ్‌లో. ఐదు పూటలా నమాజు, మూడు పూటలా ఇంత తిండి, మధ్యలో కిటికీ దగ్గర కుర్చీ. మాట్లాడితే జవాబిస్తారు, లేకపోతే లేదు. ఇక్కడ కిటికీలోంచి చూస్తే మనుషులు కనపడరు, కార్లే కనపడతాయి. ఆయన ఆ కార్లనే చూస్తూ కూచునేవారు.

అదే వేసవిలో పిల్లలు ప్రయాణం అంటూ మొదలుపెట్టారు. మా పెద్దోడికి పద్నాలుగేళ్లు, వాడి దిల్, దిమాగ్ అంతా బేస్‌బాల్. 2023లో మా ఊరి పక్క రేంజర్స్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పటి నుంచి మరీ. వాడికి డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ చూడాలి. చిన్నదానికి పదేళ్లు. దానికి నేషనల్ పార్కులు కావాలి. అక్కడ చిన్న పుస్తకం ఇస్తారు, అందులో ప్రశ్నలకి జవాబులు రాస్తే జూనియర్ రేంజర్ అని బ్యాడ్జి పెడతారు. మా ఆయనకి ఖర్చు తగ్గాలి. నాకు అబ్బాని ఇంట్లో వదలకుండా పోవాలి.

పెద్దోడు ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక తయారుచేశాడు. పన్నెండు రోజులు, నాలుగు స్టేడియాలు, ఐదు పార్కులు. అది బల్ల మీద పెట్టుకుని మేం నలుగురం వాదించుకుంటుంటే, అబ్బా కుర్చీలోంచి లేచి వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూశారు.

"ఇది చార్టు కాదు బేటా. దీనితో పోతే డ్రైవర్ మూడో రోజు పడుకుంటాడు, స్టీరింగ్ మీదే."

నెలలలో ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, స్కేలు అడిగి, గీతలు గీయడం మొదలుపెట్టారు. డిపోలో డ్యూటీ చార్టు ఎట్లా ఉంటుందో అట్లా: బయల్దేరే టైము, చేరే టైము, మధ్యలో ఆగే చోట్లు, నైట్ హాల్ట్.

ఆ వారం రోజులు మా ఇంట్లో చార్టు తప్ప వేరే ముచ్చట లేదు. మీలో ఎవరైనా పిల్లాజెల్లా, పెద్దవాళ్లతో ఇట్లా బయల్దేరాలనుకుంటే పనికొస్తుందని, అబ్బా పెట్టిన ఉసూల్ చెబుతున్నాను.

మొదటిది: ఏది జరగదో అది ముందు రాయాలి. ఆట తేదీ మన కోసం జరగదు. పర్వతం ఎక్కడికీ పోదు. కాబట్టి ఆటలు ముందు వేసి, మధ్య ఖాళీల్లో పార్కులు నింపాలి. నాలుగు స్టేడియాలు రెండయ్యాయి. అమరిల్లోలో సాడ్ పూడిల్స్ అనే చిన్న లీగు జట్టు, డెన్వర్‌లో పెద్ద లీగు రాకీస్. సాడ్ పూడిల్ అంటే ఆ మైదానాల్లో బొరియల్లో ఉండే ప్రెయిరీ డాగ్‌కి పాత పేరంట. ఆ పేరు విని అబ్బా నవ్వారు. చిన్న లీగు ఆటల్లో టికెట్ సస్తా, ఆటగాళ్లు దగ్గరగా కనపడతారు.

రెండోది: రోజుకి ఆరు గంటలకి మించి బండి నడపొద్దు. ఫజర్ చదివి బయల్దేరాలి, ఎండ ముదిరేలోపు సగం దూరం అయిపోవాలి. రెండు గంటలకోసారి దిగి నడవాలి. కడుపునిండా తిన్నవాడికి స్టీరింగ్ ఇవ్వొద్దు. ఈ లెక్కన అర్వింగ్ నుంచి అమరిల్లో ఒక రోజు. అక్కడి నుంచి కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఒక రోజు. ఆ తర్వాత డెన్వర్, రాకీ మౌంటెన్ పార్కు. పోను రాను సుమారు 1,900 మైళ్లు. ఐదు పార్కులు రెండయ్యాయి.

మూడోది ఇజాజత్. రాకీ మౌంటెన్ పార్కుకి వేసవిలో ముందుగా టైము బుక్ చేసుకోవాలి, ఊరికే పోతే గేటు దగ్గర వెనక్కి పంపుతారు. వచ్చే నెల టైములు ఈ నెల ఒకటో తారీకు పొద్దున తెరుస్తారు. చిన్నది అలారం పెట్టుకుని కూచుంది. ఇంకో ఫాయిదా కూడా అదే తెచ్చింది. నాలుగో తరగతి పిల్లలకి ఏడాది పాటు పార్కుల్లో ప్రవేశం ఉచితం, వాళ్లతో అదే కారులో ఉన్నవాళ్లకి కూడా. "పదేళ్ల పిల్ల మనందరికీ టికెట్ కొట్టింది" అన్నారు అబ్బా. మా ఆయన ముఖం వెలిగింది.

నాలుగోది తోషా. స్టేడియంలో హలాల్ దొరుకుతుందో లేదో అన్న ఫికర్ వద్దని ఆరా తీస్తే, కూర్స్ ఫీల్డ్‌లోకి ఇంటి తిండి తీసుకెళ్లొచ్చని తెలిసింది. ఐస్ డబ్బాలో ఖీమా, టమాటా చట్నీ, ఫ్రీజర్‌లో గట్టిపరచిన పరాటాలు, హోటల్ గదికి చిన్న రైస్ కుక్కర్, ఖట్టీ దాల్‌కి సామాను.

ఐదోదాని దగ్గర గొడవ అయింది. నమాజు. ముసాఫిర్‌కి జొహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాత్‌లే, అందులో ఝగడా లేదు. కానీ రెండు నమాజులు కలిపి చదవొచ్చని పిల్లలు సండే స్కూల్లో నేర్చుకున్నారు. హనఫీ పద్ధతిలో పెరిగిన అబ్బాకి ఏ వఖ్తుది ఆ వఖ్తులోనే. పైగా డెన్వర్‌లో జూన్ సూర్యుడు ఎనిమిదిన్నర దాకా దిగడు. సాయంత్రం ఆటకి పోతే మగ్రిబ్ సరిగ్గా ఆట మధ్యలో వస్తుంది.

"అంతమంది ముందా? నేను చదవను నానా" అన్నాడు పెద్దోడు.

నేను కోపంతో నోరు తెరిచాను. అబ్బా చెయ్యి అడ్డం పెట్టారు. "నేను కూడా కొత్తలో బస్టాండ్లో చదవడానికి సిగ్గుపడేవాణ్ణి బేటా. బస్సు వెనక్కి పోయి చదివేవాణ్ణి. నీ ఇష్టం. చార్టులో మాత్రం రాస్తా." రాశారు కూడా. ఏడో గీత మీద: మగ్రిబ్, స్టేడియం.

అన్నీ అయ్యాక చిన్నది అడిగింది. "నానా, మీరు నానీని ఇట్లా ఎక్కడెక్కడికి తీసుకెళ్లేవారు?"

అబ్బా పెన్సిల్ పక్కన పెట్టారు. వుజూ చేసుకొస్తానని లేచిపోయారు.

ఆ రాత్రి నేను వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే వచ్చి స్టూలు మీద కూచున్నారు.

"ఛుట్టీ దొరకలేదని చెప్పేవాణ్ణి కదా మీ అమ్మీకి."

"అవును అబ్బా."

"నేను అడగలేదు బేటీ. అడిగితే ఇచ్చేవాళ్లు. రెండు రోజులేగా."

నా చేతిలో మూత ఉంది. దాన్ని ఏ డబ్బాకి పెట్టాలో తెలియలేదు. చిన్నప్పటి నుంచి నేను డిపో మీద కోపం పెంచుకున్నాను. అబ్బాని మజ్లూమ్ అనుకున్నాను. అమ్మీ కూడా అట్లాగే అనుకుని పోయింది.

"రోజూ పోయే రోడ్డే కదా, అందులో చూసేదేముంది అనుకున్నా. ఛుట్టీ రోజున కూడా అదే రోడ్డా అనుకున్నా. డబుల్ డ్యూటీ చేస్తే పైసలొస్తాయి, నీ ఫీజు ఉంది... అది కూడా నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. ఆమె అడిగింది గేట్లు కాదేమో. నాతో పక్క సీట్లో కూచోవడమేమో."

నాకు గుస్సా వచ్చింది. దాచను. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని అనబోయాను కూడా. కానీ డెబ్బై ఒకటేళ్ల మనిషి ఇది ఎవరికి చెప్పుకోవాలి? వినాల్సిన మనిషి మట్టిలో ఉంది. నేను చాయ్ పెట్టాను. ఇద్దరం మాట్లాడకుండా తాగాం. మాఫ్ చేయడం నా చేతిలో లేదు, అది అమ్మీ హఖ్. వినడం మాత్రం నా చేతిలో ఉంది.

బయల్దేరే రోజు ఫజర్ తర్వాత అబ్బా ఆకుపచ్చ గుడ్డ పీలికలో పావు డాలర్ బిళ్ల చుట్టి అల్లుడి జబ్బకి ఇమామ్ జామిన్ కట్టారు. డ్యూటీ మొదటి రోజున అమ్మీ ఆయనకి అట్లాగే కట్టిందంట. ఇట్లాంటివి మా ఆయనకి నచ్చవు. ఏదో అనబోయి, అబ్బా ముఖం చూసి, చెయ్యి చాపి ఊరుకున్నారు. సవారీ దువా చదువుకుని కదిలాం. అబ్బా ముందు సీట్లో, ఒళ్లో చార్టు.

ప్రయాణమంతా రాయను. కూర్స్ ఫీల్డ్‌లో పై అంతస్తులో ఇరవయ్యో వరస సీట్లు ఊదారంగులో ఉంటాయి. ఆ వరస సముద్ర మట్టానికి సరిగ్గా 5,280 అడుగులు, అంటే ఒక మైలు ఎత్తు. పెద్దోడి పట్టుదలతో మేం అక్కడే కూచున్నాం. అక్కడ గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుందని వాడు చెబుతుంటే, అబ్బా గిల్లీ దండా లెక్కలతో పోల్చుకుంటూ విన్నారు. మగ్రిబ్‌కి వెనక నడవాలో ఒక మూలకి వెళ్లాం. పెద్దోడు మాతో నిలబడలేదు. మా సంచులు భుజానేసుకుని, జనం మమ్మల్ని తొక్కకుండా అడ్డంగా నిలబడ్డాడు. హోటల్‌కి వచ్చాక తనంతట తాను ఖజా చదువుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

రాకీ మౌంటెన్‌లో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. రెయిన్‌బో కర్వ్ దగ్గర, 10,829 అడుగుల మీద, అబ్బాకి తల తిరిగింది. ఎత్తుకి అలవాటుపడాలనే కింద రాత్రులు ఆగుతూ వచ్చాం, డాక్టర్‌ని అడిగే బయల్దేరాం. అయినా అంతే. పై దాకా పోవాలని నెల నుంచి కలలు కన్న చిన్నదే ముందు అంది, "అబ్బూ, బండి తిప్పండి" అని. తిప్పాం. పెద్దవాళ్లతో పోయేవాళ్లు చార్టులో వెనక్కి తిరిగే చోటు కూడా రాసుకోవాలి.

కానీ నేను మరిచిపోలేనిది వాటికంటే ముందటి రోజుది. గ్రేట్ శాండ్ డ్యూన్స్‌లో ఏడువందల అడుగులకి పైగా లేచిన ఇసుక కొండలు. మధ్యాహ్నం ఇసుక కాళ్లు కాల్చేంత వేడెక్కుతుందని అసర్ తర్వాత దిగాం. కొండల ముందు మెడానో వాగు పారుతుంది. మంచు కరిగే రోజుల్లోనే నీళ్లుంటాయి. దాని అడుగున ఇసుక చిన్న చిన్న కట్టల్లా పేరుకుంటుంది, కట్ట తెగగానే ఒక అల వస్తుంది, మళ్లీ కట్ట, మళ్లీ అల. సముద్రం లేని చోట అలలు.

అబ్బా చెప్పులు విడిచి, పైజామా పైకి మడిచి, వాగు మధ్యలో నిలబడ్డారు. అల వచ్చి పాదాల మీదుగా పోయింది. ఇంకోటి వచ్చింది. ఆయన చేతులెత్తి దువా చేస్తున్నారు. పిల్లలు పిలవబోతే నేను ఆపాను. చాలాసేపయ్యాక ఒడ్డుకొచ్చి, "గేటు ఎత్తినట్టే ఉంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

అబ్బా ఇప్పుడు మిర్యాలగూడలో ఉన్నారు. పోయిన వారం ఫోన్ చేసి, వచ్చే వేసవి సెలవుల్లో పిల్లలు ఆగస్టు మొదటివారం దాకా ఉండేలా టికెట్లు తీయమన్నారు. సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. పైనుంచి కృష్ణ రావాలి, శ్రీశైలం నిండాలి, ఆ తర్వాత సాగర్ నిండాలి. మేం ఉన్నన్నాళ్లలో ఎత్తకపోవచ్చు కూడా.

"ఎత్తకపోతే?" అన్నాను.

"ఎత్తకపోతే డ్యామ్ చూస్తాం. చార్టు రాస్తున్నా" అన్నారు అబ్బా.